సమ్మె రోడ్డు మీద మా తండా పిల్లల సెలవు

మస్కట్‌లో మేముండే వీధి చివర ఒక బడి ఉంది. ఎండాకాలం సెలవుల్లో ఆ బడి హాలును అద్దెకు తీసుకుని అక్కడి తెలుగు కుటుంబాలవాళ్ళు పిల్లల కోసం సెలవుల కార్యక్రమం నడుపుతారు. బొమ్మలు వేయించడం, పాటలు, మట్టితో పనులు, ఆటలు. మా ఆయన ఒక గోదాములో సామాను ఎత్తే బండి నడుపుతాడు. పొద్దున ఆయన డ్యూటీకి వెళితే సాయంత్రం దాకా నాకు మాట్లాడే మనిషి ఉండదు. అది చూసి పక్క ఇంటామె, ఊరికే కూర్చునే బదులు వచ్చి పిల్లల దగ్గర సాయం చేయరాదా అంది. జీతం లేని పని. వెళ్ళాను. నేను చదివింది ఐదో తరగతి. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమట పడుతుంది. అందుకే పుచ్చకాయలు కోయడం, నీళ్ళ సీసాలు నింపడం, చిన్నపిల్లల బూట్ల తాళ్ళు కట్టడం నాకు అప్పగించారు. చేతులు ఆ పని చేస్తున్నా కళ్ళు మాత్రం ఆటల మీదే ఉండేవి. అన్నిటికంటే నాకు నచ్చింది ఒక పెద్ద గుండ్రటి రంగుల గుడ్డ. పిల్లలంతా చుట్టూ నిలబడి దాని అంచు పట్టుకుని ఒక్కసారిగా పైకి లేపితే అది గాలి నింపుకుని గుడారంలాగా లేచేది. దాని కిందికి దూరి, అది దిగేలోపల అవతలి పక్కకు ఉరకాలి. అంతే ఆట. ఆ గుడ్డ కింద నుంచి బయటికి వచ్చిన పిల్లల ముఖాలు చూడటానికే నేను రోజూ వెళ్ళేదాన్ని.

ఆఖరి రోజు ధైర్యం చేసి, కార్యక్రమం నడిపే మేడంతో, ఈసారి సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు మా పిల్లలకు కూడా ఇలాంటిది చేయాలని ఉందని చెప్పాను. ఆమె చెడ్డ మనిషేమీ కాదు. నవ్వి నా భుజం తట్టి, "మీ వైపు పిల్లలకి ఇలాంటివన్నీ ఎక్కడుంటాయిలే మంజులా, పాపం" అంది. పుచ్చకాయ తొక్కలు ఎత్తి పారేసి ఇంటికి వచ్చాను. ఆ తర్వాత చాలా రోజులు వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ ఆ మాటకు జవాబు వెతుక్కున్నాను. మా పిల్లలకు ఇలాంటివి లేవు, అది నిజమే. ఎప్పటికీ ఉండవని తేల్చడానికి ఆమె ఎవరు? ఈ ప్రయాణం అక్కడ మొదలైంది.

దసరా ముందు నేను ఒక్కదాన్నే సెలవు మీద వచ్చేసరికి ఊళ్ళలో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు. బళ్ళు మూసేశారు. బొగ్గు గనుల్లో పని ఆగింది. రైళ్ళు ఒకరోజు తిరిగితే ఒకరోజు తిరగడం లేదు. మా అత్తగారి తండా బచ్చన్నపేట దగ్గర. పుట్టిన తండా మహబూబాబాద్ దగ్గర, మేము మానుకోట అంటాం. మా అక్క జ్యోతి భూపాలపల్లిలో ఉంటుంది, బావకు గనిలో పని. వాళ్ళ క్వార్టర్ల మధ్య ఒక హాలు, ముందు ఆడుకునే జాగా ఉన్నాయి. సమ్మె వల్ల హాలు ఖాళీగానే ఉంది, ఇక్కడి పిల్లలు కూడా తోచక కొట్టుకుంటున్నారు, తీసుకురా అని అక్క ఫోనులో చెప్పింది. నా ఆలోచన ఇదీ: మానుకోటలో మా తండా పిల్లలు ఎనిమిది మందిని ఎక్కించుకుని భూపాలపల్లి వెళ్ళాలి. ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి, మర్నాడు సాయంత్రం దాకా వాళ్ళకు ఆటలు. పత్తి విచ్చుకున్న రోజులు, అంతకంటే ఎక్కువసేపు పిల్లలను వాళ్ళ తల్లిదండ్రులు వదలరని నాకు తెలుసు. అంటే నా చేతిలో ఉన్నది ఒకటిన్నర రోజు.

సమ్మె అయిపోయాక వెళ్ళమని అత్తగారింట్లో అందరూ అన్నారు. సమ్మె అయితే బళ్ళు తెరుస్తారు, ఇంక సెలవెక్కడిది? మా అత్తమ్మ మా లంబాడీ భాషలో, రైలు లేదు, బస్సు లేదు, ఆడపిల్లవు ఒక్కదానివి ఎలా పోతావని గొణిగింది. సముద్రం దాటి ఒక్కదాన్నే వచ్చాను కదా అత్తమ్మా, జనగామ దాటలేనా అన్నాను. ఆమె ముఖం చూసి చెప్పడానికి సిగ్గేసి, సంచి సర్దుతూ చెప్పాను. కానీ చెప్పాను.

పొద్దు పొడవకముందే బయలుదేరాను. బచ్చన్నపేట నుంచి జనగామకు మామూలు రోజుల్లో బస్సు దొరుకుతుంది. సమ్మెలో ఆటోలే దిక్కు. మనిషికి యాభై తీసుకున్నాడు, ముందు సీటులో డ్రైవరుకు అటొకరు ఇటొకరు. జనగామలో డిపో గేటు లోపల బస్సులన్నీ వరసగా దుమ్ము పట్టి నిలబడి ఉన్నాయి. గేటు ముందు టెంటు, టెంటు కింద డ్రైవర్లు, కండక్టర్లు పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. స్టేషనుకు వెళితే ఆ రోజు రైలు లేదన్నారు. రైలుంటే కాజీపేట, వరంగల్ మీదుగా మానుకోటకు హాయిగా కూర్చుని వెళ్ళవచ్చు. లేనప్పుడు స్టేషను బయట మనుషులను ఎక్కించుకునే తుఫాను జీపులు ఉంటాయి. పాలకుర్తి, తొర్రూరు మీదుగా మానుకోటకు నూట యాభై అడిగాడు, బేరమాడి నూట ఇరవైకి ఎక్కాను. జీపు నిండేదాకా కదలడు కాబట్టి, ఎదురుగా హోటల్లో ఇడ్లీ తినేంత సమయం తప్పకుండా దొరుకుతుంది. దారిలో మూడుచోట్ల చెట్ల కొమ్మలు అడ్డం వేసి ఉన్నాయి. పొద్దున పూట కాబట్టి అడ్డం పెట్టినవాళ్ళు కూడా ఇంకా టీ తాగుతున్నారు. జీపులోవాళ్ళు జై తెలంగాణ అనగానే కొమ్మలు జరిపారు. నేనూ అన్నాను, మెల్లగా. రెండు వైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకున్నాయి.

తొమ్మిది దాటాక మానుకోట చేరాను. మా బావ ఫోనులో మాట్లాడి పెట్టిన బండి రైల్వే గేటు దగ్గర ఉంది. చిన్న మ్యాజిక్ వ్యాను. డ్రైవరు పేరు యాకయ్య. భూపాలపల్లికి పోయి, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు తిరిగి దింపడానికి మూడున్నర వేలు. నన్ను పైనుంచి కిందికి చూసి, మస్కట్ నుంచి వచ్చినామె అంటే నల్ల కళ్ళద్దాలు ఉంటాయనుకున్నాడట. "ఏసీ లేదు చెల్లె, కిటికీలే ఏసీ. గాలి ఎక్కువైతె చెప్పు, బంద్ చేస్త" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది, అలా నవ్వాక కొంచెం భయం తగ్గింది.

తండాకు వెళ్ళేసరికి పిల్లలు తయారుగా ఉన్నారు. మా అన్న కూతురు అనూష అందరికంటే పెద్దది, పదేళ్ళు ఉంటాయి. మిగతావాళ్ళు ఏడు, ఎనిమిది, తొమ్మిది. తలలకు నూనె పెట్టి దువ్వారు. ఒక్కొక్కరి చేతిలో సద్ది గిన్నె. అందరి నడుముకూ పాత చీర ముక్కలు కట్టి ఉన్నాయి. సద్ది మూట కట్టుకోవడానికేమో అనుకున్నాను. తల్లులు ఎవరూ ఏమీ అడగలేదు. జాగ్రత్త అని పిల్లలకు చెప్పి పనికి వెళ్ళిపోయారు. పిల్లలు కూడా అల్లరి లేకుండా వరసగా ఎక్కి, ఒకరి ఒళ్ళో ఒకరు సర్దుకుని కూర్చున్నారు. మస్కట్‌లో పిల్లలను బస్సు ఎక్కించాలంటే అరగంట పట్టేది. మా పిల్లలు ఎంత బుద్ధిమంతులు అని మురిసిపోయాను.

గూడూరు దాటి నర్సంపేట దారిలో ఉండగా అనూష ముందుకు వంగి మా భాషలో నా చెవిలో అడిగింది. "ఇయ్యాల ఎవరి చేను?"

ఏ చేను అన్నాను. పత్తి ఏరడానికే కదా పోతున్నది, ఎవరి చేను, తూకం ఎవరు వేస్తారు అని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు ఆ చీర ముక్కలు ఏమిటో. పత్తి ఏరేటప్పుడు నడుముకు ఒడిలాగా కట్టుకుని, ఏరిన పత్తిని అందులో నింపుకునే గుడ్డలవి. నేను మా అన్నకు ఫోనులో, సెలవులు కదా, పిల్లలను తయారుగా ఉంచు, బండి తెస్తున్నాను, రాత్రికి ఉండి వస్తారు అని చెప్పాను. మా తండాలో సెలవు రోజు బండి వచ్చి పిల్లలను ఎక్కించుకుందంటే దానికి ఒక్కటే అర్థం. దూరం చేలకు పోయినప్పుడు రాత్రి కల్లంలో పడుకోవడం కూడా వాళ్ళకు కొత్త కాదు. అందుకే తల్లులు ఏమీ అడగలేదు. అందుకే పిల్లలు అంత బుద్ధిగా ఎక్కారు.

మనం ఆడుకోవడానికి పోతున్నాం అన్నాను. ఎవరూ నమ్మలేదు. ఆడుకోవడానికి అంత దూరం ఎవరు తీసుకుపోతారు అని ఒకడు లెక్క అడిగాడు. మరి ఆట అయిపోయాక ఏ పని చేయాలి అని ఇంకొకతి. యాకయ్యకు మా భాష రాదు, ఏంది సంగతి అంటే చెప్పాను. ఆయన గేరు మార్చాడు. తర్వాత, "నేను గూడ గంతే చెల్లె. సెలవంటె బర్ల కాడికి పోవుడే అనుకున్న, పెండ్లయ్యేదాంక" అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం కోపం వచ్చింది. మేడం పాపం అన్నప్పుడు వచ్చిన కోపం వేరు, ఇది వేరు. ఈ ఎనిమిది మందికీ ఒకటిన్నర రోజు సెలవు ఇచ్చి తీరాలి అనుకున్నాను. ఎవరు అడ్డం వచ్చినా సరే.

అడ్డం నర్సంపేట దాటి ములుగు రోడ్డుకు కలిసే ముందు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు అయి ఉంటుంది. రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ సమ్మెలో మావాళ్ళు రోడ్డును ఆపడానికి రాళ్ళు వేయడమే కాదు, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే వరసగా బంతులుగా కూర్చుని తినేవాళ్ళు. ఆ రోజు అక్కడ ఐదారు పొయ్యిలు ఉన్నాయి. పెద్ద గుండిగల్లో అన్నం, పప్పుచారు, వంకాయ కూర. బడి పంతుళ్ళు ఉల్లిగడ్డలు కోస్తుంటే ఆడవాళ్ళు వాళ్ళ కోతను వెక్కిరిస్తున్నారు. కొమ్మలు జరపమని బతిమాలే వీలు లేదు, పొయ్యిని ఎవరు జరుపుతారు? లారీలు, కార్లు, ట్రాక్టర్లు రెండు వైపులా ఆగి ఉన్నాయి. సాయంత్రం దాకా ఏదీ పోదని ముందు లారీ అతను చెప్పాడు.

యాకయ్య దిగి మాట్లాడి, మెడలో గులాబీ కండువా ఉన్న ఒక సారును వెంట పెట్టుకుని వచ్చాడు. సమ్మెలో ఉన్న బడి పంతులు. గొంతు పూర్తిగా పోయింది, మనిషి బాగా అలిసిపోయి ఉన్నాడు. వ్యానులోకి తొంగి చూసి పిల్లలను లెక్కపెట్టాడు. మంచిగా వచ్చిన్రు అన్నాడు. రెండు గంటలకు టీవీ వాళ్ళు వస్తున్నారట. ముందు వరసలో పిల్లలను కూర్చోబెట్టి, తలకు పట్టీలు కట్టి, చేతికి ఖాళీ పళ్ళాలు ఇచ్చి నినాదాలు చెప్పిస్తే రాష్ట్రమంతా చూస్తుందట. కెమెరా పోగానే మా బండిని పొయ్యిల పక్కనుంచి దింపి ముందుగా వదిలేస్తామన్నాడు. "గంట పని చెల్లె, అంతే. నువ్వు జర చెప్పు, నీ మాట ఇంటరు" అన్నాడు.

యాకయ్య నా వైపు చూశాడు. ఒప్పుకోమని ఆయన కళ్ళు చెబుతున్నాయి. ఆయన అనుకున్నదీ న్యాయమే. ఒక గంట కూర్చోబెడితే నాలుగు గంటలకల్లా భూపాలపల్లిలో ఉంటాం, ఇంకా వెలుగు ఉంటుంది. లేకపోతే ఆ రోజు మొత్తం ఇక్కడే పోతుంది. నేను కూడా ఒక నిమిషం అదే లెక్క వేసుకున్నాను. రాష్ట్రం రావాలని నాకు లేదా? మా బావ జీతం లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. మస్కట్‌లో మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి రాత్రి భోజనం మానుకుని వార్తలు చూస్తాడు. కానీ వెనక్కి తిరిగి చూస్తే, పిల్లలు అప్పటికే లేచి నిలబడి ఉన్నారు. నడుముకు గుడ్డలు సర్దుకుంటున్నారు. పెద్ద మనిషి వచ్చి ఏదో పని చెప్పాడు, దిగాలి కాబోలు అనుకున్నారు. ఎవరూ ఎందుకని అడగలేదు. అది చూశాక నాకు ఇంక లెక్కలు లేవు.

"వద్దు సార్" అన్నాను. "వీళ్ళు సెలవు మీద వచ్చిన్రు."

సారుకు సరిగా వినపడలేదేమో, వంగాడు. మళ్ళీ చెప్పాను. ఇది ఉద్యమమనీ, ఆటలు ఆడే సమయం కాదనీ, రేపు రాష్ట్రం వస్తే బాగుపడేది ఈ పిల్లలేననీ ఆయన చెప్పాడు. కోపంగా కాదు, బడిలో పాఠం చెప్పినట్లే చెప్పాడు. చుట్టూ నలుగురు చేరారు. నాకు చెమటలు పట్టాయి. చీర కొంగు చేతికి చుట్టుకుని, వ్యాను తలుపు పట్టుకుని చెప్పాను.

"మన నీళ్ళు మనకే అంటున్రు గద సార్. నేను గూడ గదే అంటున్న. వాళ్ళ సెలవు వాళ్ళకియ్యిన్రి."

ఆ మాటకు సారు నోరు మూతపడిందని అనను. ఆయన దగ్గర ఇంకా చాలా మాటలు ఉన్నాయి. "మస్తు మాటలు నేర్చినవ్" అని నవ్వి, "సరే. అట్లయితె నీ బండి గూడ అందరి బండ్లతోనె కదుల్తది" అని పొయ్యిల వైపు వెళ్ళిపోయాడు. యాకయ్య టవలుతో ముఖం తుడుచుకుని, ఇప్పుడేం చేద్దామని అడిగాడు. రోడ్డు వైపు చూశాను. లారీలు ఆగిన చోటికీ పొయ్యిలకూ మధ్య నల్లటి తారు రోడ్డు ఖాళీగా, వెడల్పుగా, ఒక్క బండి లేకుండా పడి ఉంది. రెండు పక్కలా చింతచెట్ల నీడ. మస్కట్ హాలు దీనికి పదో వంతు కూడా ఉండదు. దిగమన్నాను పిల్లలను.

సుద్దముక్కలు, బెలూన్లు నా సంచిలో ఉన్నాయి. రంగుల గుడ్డ తేలేకపోయాను, దాని ధర విని వెనక్కి వచ్చాను. నడుముల గుడ్డలు విప్పమన్నాను. ఎనిమిది పాత చీర ముక్కలు. అంచుకు అంచు కలిపి ముడులు వేయడం మొదలుపెట్టాను. చాలలేదు. గుండిగలో తెడ్డు తిప్పుతున్న ఒక ముసలామె ఇదంతా చూస్తోంది. పేరు సమ్మక్క, పక్క ఊరే. ఏం కడుతున్నావు బిడ్డా అని అడిగింది. చెప్పాను. ఆమె తెడ్డు పక్కనున్న ఒక పంతులు చేతిలో పెట్టి వచ్చి, అన్నం వార్చి పోయడానికి తెచ్చిన రెండు పాత పంచెలు ఇచ్చింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ముడులు వేశారు. "గట్టిగ కట్టున్రి, గాడిదలు గుంజుతయి" అని సమ్మక్క అంటే, గాడిదలు కిసుక్కుమన్నాయి.

మొదటిసారి లేపినప్పుడు గుడ్డ ఒక పక్కే లేచి, ఇంకో పక్క చతికిలబడింది. రెండోసారి అనూష అందరికీ మా భాషలో అరిచి చెప్పింది, ఒకటి, రెండు, మూడు. లేచింది. ఎరుపు, ఆకుపచ్చ, మాసిన పసుపు, తెల్ల పంచెలు, అన్నీ కలిసి గాలి నింపుకుని మా తలల మీద నిలబడ్డాయి. ఇద్దరు పిల్లలు కిందికి దూరి ఉరికారు. ఆ తర్వాత నేను చెప్పాల్సిన పని లేకపోయింది. రోడ్డు పక్క ఊళ్ళ పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అంచు పట్టుకున్నారు. ఆగిపోయిన కార్లలో విసుగ్గా కూర్చున్న పిల్లలు దిగి వచ్చారు. గుడ్డ మీద బెలూన్లు వేసి ఎగరేశాం. తారు మీద సుద్దతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడాం. ఒక లారీ క్లీనరు తన జన్మలో ఆడలేదని చెప్పి నాలుగు గళ్ళు తొక్కి పడ్డాడు. పరుగు పందెం పెడితే ఎంత దూరమైనా పరిగెత్తవచ్చు, ఏ బండీ రాదు. చివరికి నా చెప్పులు విప్పి నేను కూడా గుడ్డ కిందికి దూరాను. లోపల రంగురంగుల నీడ, పాత నూలు వాసన. ఇరవై రెండేళ్ళ దాన్ని, పెళ్ళయినదాన్ని, నడిరోడ్డు మీద. సిగ్గు వేయలేదు.

టీవీ వాళ్ళు మూడు గంటలకు వచ్చారు. పొయ్యిలను తీశారు, సారును తీశారు, ఆయన లేని గొంతుతోనే మాట్లాడాడు. ఆ తర్వాత కెమెరా అతను మా దగ్గరికి వచ్చి, పిల్లలంతా ఇటు తిరిగి జై తెలంగాణ అనండి అన్నాడు. అనాలనుకుంటే అంటారు, అది వాళ్ళ ఇష్టం. అనూష గుడ్డ అంచు వదలకుండానే, "జర ఆగన్న, మా వంతు అయిపోని" అంది. అతను ఆగాడు. వంతు అయిపోయాక పిల్లలు నిజంగానే అన్నారు, ఆ రోజంతా నేను విన్న వాటన్నిటికంటే గట్టిగా అన్నారు. మొదటి బంతిలో పిల్లలకే వడ్డించాలని సమ్మక్క పట్టుబట్టింది. తారు రోడ్డు మీద విస్తరాకులు, వేడి అన్నం, వంకాయ కూర. మా పిల్లల సద్ది గిన్నెలు ఆగిన లారీల డ్రైవర్లకు పోయాయి. కూర వడ్డించింది కండువా సారే. నాకు కూడా వేశాడు. ముడులు విప్పబోతే సమ్మక్క వారించింది. ఆ రెండు పంచెలు మాకే ఉంచుకోమంది.

అయిదు గంటలకు అన్ని బండ్లతోపాటే మా బండీ కదిలింది. ములుగు దాటాక అడవి దగ్గరవుతుంది, రోడ్డు బాగుంటుంది, గణపురం మీదుగా వెళితే ఇంకొంచెం త్వరగా చేరవచ్చు. భూపాలపల్లి క్వార్టర్ల దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. అక్క, బావ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. పిల్లలు రారేమో అనుకుని హాలుకు తాళం వేసి, వచ్చిన పిల్లలను పంపించేశారట. ఆ సాయంత్రం ఆటలు పోయాయి. మర్నాడు పొద్దున్నే అక్క మిషను మీద ముడుల చోట కుట్లు వేసి ఇచ్చింది. గని కార్మికుల పిల్లలూ, మా తండా పిల్లలూ కలిసి మధ్యాహ్నం దాకా ఆ జాగాను వదల్లేదు. డ్యూటీ లేక అరుగుల మీద కూర్చున్న తండ్రులు కూడా వచ్చి అంచు పట్టుకున్నారు. పెద్దవాళ్ళు పట్టుకుంటే గుడ్డ ఎంత ఎత్తు లేస్తుందో అప్పుడు చూశాను. భోజనాలయ్యాక తిరుగు ప్రయాణం. రాత్రికి తండాలో ఉన్నాం.

అసలు సంగతి ఆ మర్నాడు పొద్దున జరిగింది. పత్తి చేలకు తీసుకుపోయే ఆటో తండా ముందు ఆగి హారను కొట్టింది. పిల్లలు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ముగ్గురు ఎక్కారు. ఇద్దరిని తల్లులు చేయి పట్టి ఎక్కించారు. అనూష గడప మీద కూర్చుని ఉంది. ఆటోలోని మేస్త్రీ పిలిచాడు. "నేను రాను. నాకు సెలవు" అంది తెలుగులో, అతనికి అర్థం కావాలని. మేస్త్రీ నవ్వి, సెలవైతేనే కదా రావాల్సింది అన్నాడు. అనూష కదల్లేదు. నా వైపు కూడా చూడలేదు. మా అన్న బయటికి వచ్చి కూతురు వైపు చూశాడు, ఆటో వైపు చూశాడు. తర్వాత పంచె పైకి కట్టి తనే ఎక్కి కూర్చున్నాడు. అది చూసి ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చి అనూష పక్కన గడప మీద కూర్చున్నారు.

మస్కట్‌కు తిరిగి వచ్చి ఇది రాస్తున్నాను. ఎనిమిది మందిలో అయిదుగురు ఆ పొద్దునే చేనుకు పోయారు. ఇది గెలుపు కథ అని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. పత్తి ఏరకపోతే ఆ ఇళ్ళలో ఎలా గడుస్తుందో నాకు తెలుసు, నేనూ ఆ ఒడి కట్టిన పిల్లనే. రాష్ట్రం ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు, వస్తే ఎంత మారుతుందో అదీ తెలియదు. కానీ సెలవు అనేది పిల్లలదనీ, అది ఎవరో దయతలచి ఇచ్చేది కాదనీ, మేస్త్రీ అడిగినా, సారు అడిగినా, నేను అడిగినా ఇవ్వను అనవచ్చనీ ముగ్గురికి తెలిసింది. వాళ్ళ నుంచి ఆ మాటను ఇప్పుడు ఎవరు వెనక్కి తీసుకుంటారో చూస్తాను. ఇక్కడి మేడం మొన్న కలిసి, ఊళ్ళో ఏమైనా చేయగలిగావా అని అడిగింది. చేశాను అన్నాను. ఎక్కడ చేశావు, హాలు దొరికిందా అంది. నేషనల్ హైవే మీద అని చెప్పాను. అది నేషనల్ హైవేనో కాదో నాకు తెలియదు. అలా చెప్పాలనిపించింది.

మీరు కూడా సెలవు మీద వచ్చి, ఇలాంటి రోజుల్లో పిల్లలను తీసుకుని ఈ దారిన వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. బండి ముందు అద్దానికి ఒక తెల్ల కాగితం అంటించండి. సమ్మె రోజుల్లో అందరూ పెళ్ళి బండి అనో, దవాఖాన అనో రాసి అంటిస్తారు. మేము తిరుగు దారిలో అనూష చేత పెద్ద అక్షరాలతో "పిల్లలు సెలవులో ఉన్నారు" అని రాయించి అంటించాం. భూపాలపల్లి నుంచి మానుకోట దాకా నాలుగుచోట్ల రోడ్డు ఆపి ఉంది. ప్రతిచోటా ఎవరో ఒకరు ముందుకు వచ్చి దాన్ని పైకి చదివారు, చదివి కొమ్మలు పక్కకు లాగారు.